నాన్నమ్మ ఇంట్లో ఆకాశం

ఆ ఆఫీసులో కంప్యూటర్లకు నంబర్లు ఉండవు, వరసలు ఉంటాయి. కిటికీ పక్కన ఉన్న మిషన్ బాబాయి. తలుపు దగ్గరిది మేనత్త. పొద్దస్తమానం గుర్రుమని చప్పుడు చేసేది పెదనాన్న. ఎవరి మాటా వినదు కాబట్టి ప్రింటరుకు అల్లుడు అని పేరు పెట్టారు. అద్దాల గదిలో చల్లగా కూర్చుని అందరి పనినీ తన దగ్గర దాచిపెట్టే పెద్ద మిషన్, అంటే సర్వరు, అమ్మమ్మ. "ఆ ఫైలెక్కడుంది?" అని ఒకరు అరిస్తే "అమ్మమ్మ దగ్గర!" అని ఇంకొకరు అరుస్తారు. కొత్తగా చేరినవాళ్లు మొదట్లో బిక్కమొహం వేస్తారు. నాలుగు రోజులు పోయాక వాళ్లే "పెదనాన్న పడుకున్నాడు, ఎవరైనా లేపండి" అంటూ తిరుగుతారు.

అది పిల్లల కార్టూన్ సినిమాలు తీసే ఆఫీసు. పొడవాటి హాలు, రెండు వరసల బల్లలు, హాలు చివర తెర ఉన్న చిన్న గది. అంతే. ఈ చుట్టాలందరినీ ఒకరితో ఒకరిని కలిపే పని ఒకామెది. మిషన్లకు డ్రైవులు, అంటే పని దాచుకునే గదులు, కలుపుతుంది కదా అని అందరూ ఆమెను డ్రైవరమ్మ అంటారు. బండి తోలడం మాత్రం రాదు.

ఆమె పని చెప్పడానికి తేలిక. ఎవరు ఏ మిషన్ ముందు కూర్చున్నా 'బి' అనే అక్షరం నొక్కగానే అమ్మమ్మ ఇంట్లో బొమ్మల గది తెరుచుకోవాలి. 'ఆర్' నొక్కితే రంగుల గది తెరుచుకోవాలి. బొమ్మలు గీసేవాళ్లు తమ బొమ్మల్ని బిలో పెడతారు. వెనకాల ఆకాశాలకూ కొండలకూ రంగులేసే ఆయన వాటిని ఆర్‌లో పెడతాడు. రెండూ కలిసి తయారైన సినిమా కూడా ఆర్‌లోనే వచ్చి పడుతుంది. అక్షరం దారి తప్పిందా, ఇక అంతే సంగతులు. కొత్త మిషన్‌కు అక్షరం కలిపి, పేరు పక్కన ఉన్న ఎర్ర ఇంటూ గుర్తు పోయి పచ్చగీత కనిపించిన ప్రతిసారీ డ్రైవరమ్మకు ఒళ్లు పులకరిస్తుంది. ఈ మాట ఒకసారి పైకి అని నవ్వులపాలైంది. అప్పటినుంచి మనసులోనే పులకరిస్తోంది.

ఆఫీసు యజమానురాలు ఆమె భర్తకు అక్క. అంటే డ్రైవరమ్మకు వదిన. మంచి మనిషే కానీ మొహం మీద నవ్వు రావాలంటే ముందుగా అర్జీ పెట్టుకోవాలి. ఆ ఉదయం తలుపు తీస్తూనే మరదల్ని పక్కకు పిలిచింది.

"నాలుగింటికి పిల్లల చానల్ ఆవిడ వస్తోంది. మన నత్త సినిమా చూస్తుంది. నచ్చితే ఏడాది పొడుగునా మనకే పని. అది ఎక్కడా ఆగకుండా ఆడిందనుకో, ఈ మిషన్లన్నీ ఇక నీ చేతికే. ఏదైనా తేడా వచ్చిందో, వచ్చే నెల నుంచి బయటి కంపెనీకి ఇచ్చేస్తాను. ముందే చెప్తున్నా. ఇంట్లో చుట్టరికం ఇంట్లోనే."

"సరే వదినా," అంది డ్రైవరమ్మ. నోటితో సరే అంది కానీ కాళ్లు నేల మీద లేవు. ఈ మిషన్లన్నీ నీ చేతికే అన్న ముక్క చెవిలో పడ్డాక మిగతాది ఆమెకు సరిగ్గా వినపడనే లేదు. ఆ హాలు, ఆ తీగలు, ఆ గుర్రుమనే పెదనాన్న, అన్నీ తనవే అవుతాయి. ఇంత ఇష్టంగా ఏ పనీ చెయ్యలేదు తను. అది పోతే ఏం చెయ్యాలో కూడా తెలియదు.

సినిమా రెండు నిమిషాలది. ఒక నత్త ఆకాశం అంచు ఎక్కడుందో చూడాలని బయలుదేరుతుంది. పాకుతుంది, తడుస్తుంది, జారుతుంది, మళ్లీ పాకుతుంది. చివరికి కొండెక్కి చూస్తుంది. అక్కడ సంగీతం ఆగిపోతుంది, తెర నిండా ఆకాశం. ఆ ఆకాశం వేసింది రంగుల మావయ్య. వెంట్రుకలు నెరిసిన పెద్దాయన, మాట తక్కువ మనిషి. నెలల తరబడి ఆ ఒక్క ఆకాశం మీదే కూర్చున్నాడు. ఆయన కుర్చీ వెనక నిలబడి చూసినవాళ్లంతా "అబ్బ!" అనకుండా కదల్లేదు.

బొమ్మలూ రంగులూ మొదటిసారి కలిసింది ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాకే. అంతదాకా ఎవరి ముక్క వాళ్లు గీసుకున్నారు. పని చురుగ్గా సాగాలని రాబోయే ఆకాశాల పేర్లతోనే ఆర్‌లో ఉత్త బూడిదరంగు పెట్టుకుని గీశారు. ఇప్పుడు అందరూ తెర గదిలో చేరారు. దీపాలు ఆర్పారు. నత్త వచ్చింది. ముద్దొచ్చేలా ఉంది, వెనకాల ఏముందో ఎవరూ చూడలేదు. పాకింది, జారింది, అందరూ నవ్వారు. కొండెక్కింది. సంగీతం ఆగింది.

తెర నిండా బూడిదరంగు.

సున్నం వెయ్యని గోడను చూడ్డానికి కొండెక్కినట్టుంది ఆ నత్త.

"నా ఆకాశమేది?" అన్నాడు రంగుల మావయ్య.

"మీరే చెప్పాలి మావయ్యగారూ. ఎక్కడ పెట్టారు?" అంది వదిన.

"ఆర్‌లోనే పెట్టానమ్మా. రోజూ అక్కడే పెడుతున్నాను. ఒట్టు."

డ్రైవరమ్మ అప్పటికే పరిగెత్తింది. మేనత్త ముందు కూర్చుని ఆర్ నొక్కింది. ఉత్త బూడిద. బాబాయి దగ్గర నొక్కింది. బూడిదే. పెదనాన్న దగ్గరా అంతే. అక్కడినుంచి ఒక్క అంగలో రంగుల మావయ్య బల్ల దగ్గరికి వెళ్లి అదే ఆర్ నొక్కింది. వరసగా ఆకాశాలు! తెల్లవారుజాము ఒకటి, వానకు ముందు ఒకటి, కొండ మీది పెద్ద ఆకాశం, అన్నీ ఉన్నాయి. ఒకే అక్షరం, ఒకే పేరున్న గది, లోపల సామాను మాత్రం వేరు.

అప్పుడు ఆర్ పక్కన ఉన్న ఇంటి పేరు చూసింది. చూసి గట్టిగా కేకేసింది.

"దొరికింది వదినా! ఎక్కడికీ పోలేదు! నాన్నమ్మ ఇంట్లో ఉంది!"

నాన్నమ్మ కథ కాస్త చెప్పాలి. అమ్మమ్మ రాకముందు అందరి పనీ దాచిపెట్టింది నాన్నమ్మే. వయసు మీద పడి, ఒగర్పు మొదలయ్యాక ఆమెను అద్దాల గదిలోంచి దించి రంగుల మావయ్య బల్ల మీద, ఆయన పనిచేసుకునే మిషన్‌గా పెట్టారు. తీసిపారేయడానికి మనసొప్పలేదు. ఆమె లోపల పాత రంగుల గది మాత్రం అలాగే ఉండిపోయింది, తాళం కూడా మార్చలేదు. కొన్నాళ్ల కిందట డ్రైవరమ్మ సెలవులో ఉన్నప్పుడు ఆ మిషన్‌లో అక్షరాలన్నీ చెరిగిపోయాయి. ఒకరిని అడిగే అలవాటు లేని రంగుల మావయ్య తనంతట తనే కలుపుకున్నాడు. ఇళ్ల జాబితాలో అమ్మమ్మా ఉంది, నాన్నమ్మా ఉంది. ఇద్దరి దగ్గరా రంగుల గది ఉంది.

"ఏళ్ల తరబడి రంగులు నాన్నమ్మ దగ్గరే కదమ్మా ఉండేవి. చెయ్యి అటే పోయింది," అన్నాడాయన. తల ఎత్తలేకపోయాడు.

"పోతే పోయింది లెండి మావయ్యా, ఆకాశం చెక్కుచెదర్లేదు. అది చాలు!"

"సంబరం తర్వాత. ఇప్పుడేం చెయ్యాలి?" అంది వదిన గడియారం వైపు చూస్తూ.

ఏది ఏ బొమ్మకో ఏరే వ్యవధి లేదు కనుక అక్కడి సామానంతా అమ్మమ్మ దగ్గరికి మోద్దామని డ్రైవరమ్మ కాపీకి పెట్టి చూసింది. నాన్నమ్మ నింపాదిగా లెక్కవేసి, రేపటికి అవుతుందని చెప్పింది. హాలంతా ఉసూరుమంది. ఎవరో కుర్చీలో కూలబడ్డారు. వదిన ఫోను చేతిలోకి తీసుకుంది, చానల్ ఆవిడకు చెప్పి వాయిదా అడుగుదామని.

"ఆగండి వదినా, ఆగండి!" డ్రైవరమ్మ లేచి నిలబడింది. బుర్రలో వెలిగిన ఆలోచన ఆమెను కూర్చోనివ్వలేదు. "సామాను మొయ్యడమెందుకు? మనమే అక్కడికెళ్దాం. అందరి ఆర్‌నీ అమ్మమ్మ దగ్గర తెంపేసి నాన్నమ్మ ఇంటికి కలిపేస్తాను. సినిమా ఫైళ్లకు తెలిసింది ఆర్ అనే అక్షరమే. అది ఎవరింటికి పోతోందో వాటికి అనవసరం. అక్కడ రంగులుంటే రంగులేసుకుంటాయి!"

"అవుతుందా?"

"అవుతుంది."

"పాత మిషన్. అందరూ ఒకేసారి మీద పడితే తట్టుకుంటుందా?"

"అడిగి చూద్దాం," అంది డ్రైవరమ్మ. వదిన ఫోను కిందపెట్టింది. అదే పెద్ద వరం.

డ్రైవరమ్మ రెండే వరసలు టైపు చేసింది. మొదటిది పాత ఆర్‌ను తెంపేది, రెండోది కొత్త ఆర్‌ను కలిపేది. ఆ చిన్న ఫైలుకు 'నాన్నమ్మ ఇంటికి' అని పేరు పెట్టి, అందరికీ కనిపించే బిలో వేసింది. "అన్నీ మూసెయ్యండి! బి తెరవండి! నాన్నమ్మ ఇంటికి అన్నదాని మీద రెండుసార్లు నొక్కండి!" అని హాలు మధ్యలో నిలబడి అరిచింది. సెలవులు ఇచ్చిన బడిలా ఉంది ఆ హాలు. అందరూ తలో మిషన్ మీదికి ఉరికారు.

నొక్కారు. అన్ని తెరల మీదా ఒకే గడి వచ్చి నిలబడింది. తన ముందే కూర్చునే మావయ్యను ఎన్నడూ అడగలేదు కానీ, బయటినుంచి వచ్చినవాళ్లను పాస్‌వర్డ్ చెప్పమంది నాన్నమ్మ.

డ్రైవరమ్మ ఉద్యోగంలో చేరేసరికే నాన్నమ్మ అద్దాల గది ఖాళీ చేసింది. ఆ తాళం ఎవరు వేశారో, ఏమని వేశారో తెలియదు. అందరూ వదిన వైపు తిరిగారు. ఆఫీసు పెట్టిన కొత్తలో మిషన్లు చూసుకున్నది ఆవిడే.

వదిన మొహం కందిపోయింది. "నేను వచ్చి టైపు చేస్తాను," అంది.

"అన్ని మిషన్లలోనా? మూడు దాటింది వదినా! చెప్పండి, అందరం కొట్టేస్తాం!"

వదిన కిటికీ వైపు చూసింది, పైకప్పు వైపు చూసింది. తర్వాత గొణిగింది.

"వినపడలేదు మేడమ్!" అన్నాడు బాబాయి ముందు కూర్చున్న పొడుగాయన.

"బుంగమూతి!" అని అరిచింది వదిన. "చిన్నప్పుడు మా తమ్ముడు నన్ను అలా ఏడిపించేవాడు! చాలా? కొట్టండి!"

ఆ హాలులో ఇంతకుముందెప్పుడూ వినపడనంత నవ్వు. కళ్లు తుడుచుకుంటూనే అందరూ టకటకా కొట్టారు. డ్రైవరమ్మకైతే నవ్వాలో, సాయంత్రం ఇంటికెళ్లి మొగుడి చెవి మెలిపెట్టాలో తెలియలేదు. మేనత్త దగ్గర ఎర్ర ఇంటూ పోయింది. పచ్చగీత! ఆ పక్కన పచ్చగీత! పెదనాన్న ఒకసారి గుర్రుమని, ఆలోచించి, తనూ వచ్చాడు. పొడుగాయన ఒక్కడే "నాది తెగట్లేదు" అని గగ్గోలు పెట్టాడు. చూస్తే బూడిద ఆకాశం ఒకటి ఎక్కడో కింద తెరిచి మర్చిపోయాడు. అది మూయగానే అతనిదీ కలిసింది.

"ఆడించండి!" అని కేకేసింది డ్రైవరమ్మ.

మిషన్లన్నీ నత్తను ఒక్కో బొమ్మగా తీసుకుని, వెనకాల ఆకాశం వేసి, ఆర్‌లో పెట్టడం మొదలుపెట్టాయి. మొదటి బొమ్మ వచ్చింది. నత్త వెనక తెల్లవారుజాము! పొడుగాయన ఈల వేశాడు. రంగుల మావయ్య కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. డ్రైవరమ్మ సంతోషం పట్టలేక పక్కనున్న అమ్మాయిని వాటేసుకుంది, ఆ అమ్మాయి ఎవరో చూసుకోకుండానే.

సగం అయ్యేసరికి నాన్నమ్మకు ఒగర్పు పెరిగింది. లోపలి ఫ్యాను పెద్దగా మూలిగి, నెమ్మదించింది. పెట్టె ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. ఇంకాస్త వేడెక్కితే తనంతట తనే ఆగిపోతుంది. ఆగిపోతే తయారైన బొమ్మలూ తయారవుతున్న బొమ్మలూ ఎవరికీ అందవు. డ్రైవరమ్మ పక్క రేకు ఊడదీసి, బల్లఫ్యాను తెచ్చి ఎదురుగా పెట్టింది. దాని ప్లగ్గు గోడలో వదులు. పెట్టిన చోట నిలవదు, జారుతుంది. టేపు అంటించారు, ఊడింది. కాగితం మడిచి కుక్కారు, పడింది. ఎక్స్‌టెన్షన్ బోర్డు తెర గదికి వెళ్లిపోయింది. చేత్తో అదిమి పట్టుకుంటే మాత్రం ఫ్యాను హాయిగా తిరుగుతోంది.

"నేను పట్టుకుంటా," అని రంగుల మావయ్య నేల మీద కూర్చున్నాడు.

కింద మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. చానల్ ఆవిడ చెప్పిన వేళకే వచ్చేసింది.

వదిన ఎదురెళ్లి, మంచినీళ్లిచ్చి, ఎండ గురించీ ట్రాఫిక్ గురించీ మాట్లాడింది. వదిన ఎండ గురించి మాట్లాడటం చూసి పొడుగాయన ముక్కున వేలేసుకున్నాడు. చివరి ముక్క, కొండెక్కే ముక్క ఇంకా తయారవుతోంది. "రెండు నిమిషాలే కదా, వెయ్యండి చూద్దాం" అంది చానల్ ఆవిడ లేచి. ఇక ఆపేదెలా? వదిన తల తిప్పి మరదలి వైపు చూసింది. డ్రైవరమ్మ తెర మీద లెక్క చూసింది, మనసులో గుణించింది, తల ఊపింది. వేసెయ్యండి. నత్త కొండ కిందికి చేరేలోపు కొండ మీద ఆకాశం సిద్ధమవుతుంది.

"రా, నువ్వు నా పక్కన ఉండాలి," అంది వదిన. "మిషన్ల సంగతి అడిగితే చెప్పాల్సింది నువ్వే."

డ్రైవరమ్మ ఒక్కడుగు వేసింది. ఇన్నాళ్లూ కోరుకున్నది ఆ పక్క చోటే. అంతలో నేల మీద గోడకు చెయ్యి ఆనించి కూర్చున్న రంగుల మావయ్య కనిపించాడు. తన ఆకాశం పెద్ద తెర మీద కనిపించే వేళకు ఆయన చేతిలో ప్లగ్గు ఉంది. తప్పు తనదే కనుక తనే పట్టుకోవాలని కూర్చున్నాడని ఆ మొహమే చెబుతోంది.

"లెండి మావయ్యా."

"వద్దమ్మా, నువ్వెళ్లు. మేడమ్ పిలుస్తోంది."

"మీ ఆకాశం మీరు చూడకపోతే ఇంకెవరి కోసం? లెండి, మాట్లాడకండి!" అని ఆయన చేతిలోంచి ప్లగ్గు లాక్కుని తను కూర్చుంది. ఆయన వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాడు. ఆమె పొమ్మని తల విదిలించింది.

దీపాలు ఆరాయి. గోడకు అవతల సినిమా మొదలైంది.

ఆమెకు చప్పుడే సినిమా. నత్త పాకుతున్న సరసర. వాన. జారిన చప్పుడు, వెంటనే చానల్ ఆవిడ నవ్వు. నవ్వింది! డ్రైవరమ్మ ప్లగ్గును ఇంకా గట్టిగా అదిమింది. వేలు మొద్దుబారింది. బల్ల మీది తెరలో ఇంకా కొన్ని బొమ్మలు మిగిలాయి. రా, రా, అంటోంది పెదవులతో. అవతల నత్త కొండ ఎక్కుతోంది, ఇవతల పెదనాన్న గుర్రుగుర్రుమంటూ చివరి బొమ్మలు తెస్తున్నాడు. ఒకటి వచ్చింది. ఇంకొకటి. నాన్నమ్మా, ఇంకాస్త ఓపిక పట్టు తల్లీ. ఇంకొకటి. అయిపోయింది! తెర మీద అయిపోయిందన్న మాట కనిపించడమూ, గోడకు అవతల సంగీతం ఆగడమూ ఒక్కసారే జరిగాయి.

ఏ చప్పుడూ లేదు.

ఆకాశం వచ్చిందా? బూడిద వచ్చిందా? ఏమీ రాక నల్లగా ఉందా? ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ మాట్లాడలేదు. బయటి కంపెనీ వాళ్లు ఈ హాల్లోకి వచ్చి బాబాయినీ మేనత్తనూ నంబర్లు పెట్టి పిలుస్తున్నట్టు కళ్లముందు కనిపించింది. ఏడుపొచ్చింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

తలుపు తెరుచుకుంది. వదిన వచ్చింది. మామూలు మొహమే, ఏమీ తెలియడం లేదు.

"ఏమైంది వదినా?"

"మళ్లీ వెయ్యమంటోంది," అంది వదిన. "ఆ ఆకాశం చూసి ఇంతసేపు నోరు పెగల్లేదు ఆవిడకి. మావయ్యగారు ఏడుస్తున్నారు. ఏడాది పనీ మనకేనంది. మిషన్లు ఎవరు చూస్తారని అడిగింది."

"మీరేమన్నారు?"

"మా మరదలు చూస్తుందన్నాను. బయటివాళ్లెవరూ లేరన్నాను." ఇస్త్రీ మడత నలగని కొత్త బట్టలతో, ఆ దుమ్ములో, వదిన నేల మీద చతికిలబడింది. చెయ్యి చాచింది. "ఇటివ్వు. నువ్వెళ్లి చూడు."

"మీరా? వద్దు వదినా, బట్టలు—"

"పొమ్మంటుంటే! నాన్నమ్మను పెంచి పెద్ద చేసింది నేనే. నేను పట్టుకోలేనా?"

డ్రైవరమ్మ చెయ్యి తీసేలోపే వదిన చెయ్యి వచ్చి ప్లగ్గును అదిమింది. ఫ్యాను ఆగలేదు. డ్రైవరమ్మ తలుపు దాకా పరిగెత్తి వెనక్కి తిరిగి చూసింది. గోడకు చెయ్యి ఆనించి, బుంగమూతి పెట్టుకుని కూర్చుంది వదిన. నవ్వు ఆపుకోవాలంటే ఆవిడ ఎప్పుడూ అలాగే మూతి పెడుతుందని మరదలికి అప్పుడే తెలిసింది.

లోపల రంగుల మావయ్య పక్కకు జరిగి చోటిచ్చాడు. దీపాలు ఆర్పారు. నత్త మళ్లీ బయలుదేరింది.